చెంచా కొసన శనక్కాయ

ఆ ఏడు మే నెల కత్తిరి ఎండల్లో మా ఇంట్లో జరిగినంత హడావిడి నా పెళ్ళికి కూడా జరగలేదు, ఒట్టు. అదంతా అయిదు నెలల మా మనవడు నరేన్‌గాడి కోసం. వాడికి శనక్కాయ పెట్టాల. అంతే సంగతి. ఇంతేనా అని నవ్వకండి. మా ఇంట్లో శనక్కాయ అనాలంటే అటూ ఇటూ చూసుకొని, గొంతు తగ్గించి అనాల.

అట్లాగని మేము శనక్కాయ ముఖం చూడని వాళ్ళం కాదు. మూడు తరాలుగా మాది గానుగ. మద్రాసు వ్యాసర్పాడిలో గానుగోళ్ళ అంగడి ఎక్కడని అడిగితే వాసన పట్టుకొని పొండి అంటారు. మా ఆయన వెంకటపతి పొద్దున్నే మోటారు వేస్తే చెక్క రోకలి కిర్రు కిర్రుమంటా తిరుగుతుంది, కింద డబ్బాలోకి శనక్కాయ నూనె సన్నంగా కారతా ఉంటుంది. నేను ఆ అంగడి మీది మిద్దెలోకి కోడలుగా వచ్చి ముప్పై నాలుగేళ్ళు. నీ కొంగు పిండితే పావు లీటరు వస్తాదే కనకా అని ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

ఆ మిద్దెలోనే పుట్టింది మా శ్రుతి, నా కొడుకు శివరామ్ పెద్దబిడ్డ. దానికి శనక్కాయ పడదు. పడదంటే ఏదో కడుపునొప్పి అనుకునేరు, అది కాదు. రెండున్నరేళ్ళప్పుడు అంగట్లో కింద పడిన బద్ద ఒకటి ఏరుకొని నోట్లో వేసుకుంది. చూస్తా ఉండంగానే పెదాలు ఉబ్బినాయి, ఊపిరి ఈల వేసినట్టు అయిపోయింది. ఆటోవాడు ఏ సిగ్నలూ చూడకుండా ఆస్పత్రిలో దించబట్టి మా బిడ్డ మాకు దక్కింది. ఆ వారమే మిద్దె ఖాళీ చేసి నాలుగు వీధులవతల బాడిగింటికి మారినాం.

ఇప్పుడు దానికి ఏడేళ్ళు. స్కూలు సంచిలో ఎప్పుడూ సూదిమందు ఉండాల. మేము అంగట్లో పని ముగించి, ఆడనే స్నానం చేసి, బట్టలు మార్చుకొని కానీ ఇంటికి రాము. గుమ్మంలో శ్రుతి నిలబడి ఉంటుంది. చేతులు చాపమంటుంది, వాసన చూస్తుంది, "పాస్" అంటేనే లోపలికి. ఒకరోజు వాళ్ళ తాతని "ఫెయిల్, పో" అని వెనక్కి తరిమింది. ఆ మనిషి నోరెత్తకుండా పోయి మళ్ళీ సోపేసుకొని వచ్చినాడు.

ఇట్లాంటి ఇంట్లో నరేన్ పుట్టినాడు. మూడో నెల వచ్చేసరికి వాడి బుగ్గలు ఎర్రగా కందిపోయి, మోచేతి మడతల్లో చర్మం చిట్లి నీరు కారడం మొదలైంది. అచ్చంగా శ్రుతికి వచ్చినట్టే. నా కోడలు నివేదిత ఆ బుగ్గలు చూసి ఏడవని రోజు లేదు. నాకు ఏడుపు రాలేదు, భయం వచ్చింది. వీడు కూడానా సామీ అని.

ఏప్రిల్ ఆఖరున పెరంబూరులో పిల్లల డాక్టరు హేమమాలిని దగ్గరికి తీసుకుపోయినాం. తెలుగావిడే, నెల్లూరు వైపు వాళ్ళు. శ్రుతికి సెలవులు కాబట్టి అది కూడా వచ్చింది. బయట బెంచీ మీద కూర్చోబెట్టి, రంగు పెన్సిళ్ళిచ్చి, మేము లోపలికి పోయినాం.

డాక్టరమ్మ వాడిని అటూ ఇటూ తిప్పి చూసి, శ్రుతి సంగతంతా విని, తాపీగా అంటుంది కదా, "ఈ బిడ్డకి శనక్కాయ తొందరగా అలవాటు చెయ్యాలమ్మా. ముందు పరీక్ష చేద్దాం. సరిగా ఉంటే వచ్చే నెలలోనే మొదలుపెడదాం."

నాకు ఒళ్ళు మండింది. "ఏం మాట్లాడతా ఉండారు డాక్టరమ్మా? మా ఇంట్లో ఒక బిడ్డ చావు దాకా పోయి వచ్చింది. శ్రుతికి మూడేళ్ళ దాకా శనక్కాయ పెట్టొద్దన్నారు, పెట్టలేదు. అయినా అట్లా అయింది. వీడికి పాలు తాగే వయసులోనే పెట్టమంటారా?"

ఆవిడ కోప్పడలేదు. "అప్పుడు చాలామంది అట్లాగే చెప్పేవాళ్ళం అమ్మా. తర్వాత చాలామంది పిల్లలని చూసి తెలుసుకున్నాం. దాచిపెట్టిన పిల్లలకే ఎక్కువగా పడకుండా పోతా ఉంది. ఇట్లా చర్మం చిట్లే పిల్లలకి నాలుగో నెల దాటి, ఆరో నెల లోపల, పరీక్ష చేసి, కొంచెం కొంచెంగా నోటికి అలవాటు చేస్తే చాలామందికి ఆ జబ్బు రాకుండానే పోతుంది." మళ్ళీ కాగితం మీద ఏదో రాసుకుంటా అడిగింది, "వీడి ఒంటికి ఏం రాస్తా ఉండారు?"

"కొబ్బరి నూనె," అంది నివేదిత. "శ్రుతి తర్వాత శనక్కాయ నూనె ఇంట్లోకి రానివ్వలేదు."

"మరి పాపకి, పసిబిడ్డప్పుడు?"

నివేదిత నన్ను చూసింది. కానుపయినాక మూడు నెలలు అది మంచం దిగలేదు. శ్రుతికి నీళ్ళు పోసిందంతా నేనే.

"మా గానుగ నూనే డాక్టరమ్మా," అన్నాను. "అప్పుడే తీసింది, వెచ్చగా. రోజూ రాసేదాన్ని. బుగ్గలు చిట్లినాయని ఇంకా ఎక్కువ రాసినాను. మాకంతా దాంతోనే కదా ఒళ్ళు రుద్దినారు, మంచిదని..."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "నోట్లోంచి పోయిన దాన్ని ఒళ్ళు చుట్టం అనుకుంటుంది. చిట్లిన చర్మంలోంచి దూరిన దాన్ని దొంగ అనుకుంటుంది. మరుసారి నోట్లోకి వచ్చినా తరిమి కొడుతుంది. గానుగ నూనెలో గింజ సారం కొంచెం మిగిలి ఉంటుంది. దాని వల్లే వచ్చిందని ఖాయంగా చెప్పలేం అమ్మా. అది లేకపోయినా వచ్చి ఉండొచ్చు. మీరు మనసులో పెట్టుకోవద్దు."

మనసులో పెట్టుకోవద్దంట! నేను నా రెండు చేతులూ చూసుకున్నాను. ఆ రోజు నుంచి నరేన్‌ని ఎత్తుకోవడం మానేసినాను. ఎవరికీ చెప్పలేదు. వాడు చేతులు చాపితే పొయ్యి మీద కూరుందనేదాన్ని. నీళ్ళు పోసే వేళకి తెలివిగా అంగడికి జారుకునేదాన్ని.

మళ్ళీ వారం పరీక్ష. చేతి మీద చుక్క మందు వేసి, సూది మొనతో ఊరికే గీరినారు. పదిహేను నిమిషాలు చూసినారు. దద్దురు లేదు, దురద లేదు, వాడు నర్సమ్మ వాచీ పట్టుకొని గుంజతా కూర్చున్నాడు. "బాగుంది. సోమవారం రండి, నా ముందరే పెడదాం," అంది డాక్టరమ్మ.

ఇంక చూడాల మా ఇంట్లో సంబరం! ముప్పై నాలుగేళ్ళుగా మూటలకు మూటలు శనక్కాయలు చూసిన మనిషిని, సోమవారం పొద్దున అంగట్లో గుప్పెడు గింజలు ఏరడానికి నాకు గంట పట్టింది. మచ్చ ఉంటే తీసేసినాను, ముడత ఉంటే తీసేసినాను. మా ఆయన పక్కన నిలబడి, "అది పెళ్ళిచూపులకు పోతా ఉందా ఏంది, అంత సింగారం చేస్తావు?" అన్నాడు. మళ్ళీ ఆయనే నా చేతిలోని గింజ తీసి, "ఇది వద్దు, దీని రంగు బాగలేదు," అన్నాడు. దోరగా వేయించి, పొట్టు ఊది, కొత్త మిక్సీ జారులో వెన్న లాగా రుబ్బినాను. గింజ పలుకు ఒక్కటి కూడా ఉండకూడదు, పసిగొంతుకి అడ్డం పడుతుందని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. వేడినీళ్ళు పోసి జారుగా కలిపి సీసాలో పెట్టినాను.

శ్రుతి ఆడికి రాకూడదు కదా. వాళ్ళ నాన్నతో ఇంట్లోనే ఉండి, ఫోన్లో వీడియో పెట్టించుకుంది. "అవ్వా, ఫోను సరిగ్గా పట్టుకో! తమ్ముడి మూతి కనపడలేదు!" అని ఒకటే అరుపు.

డాక్టరమ్మ మందులన్నీ బల్ల మీద సిద్ధంగా పెట్టుకుంది. నివేదిత ఒళ్ళో నరేన్. చెంచా కొసకి ఆవగింజంత తీసింది. చెంచా నా వైపు చాపింది.

"అత్తా, మీరు పెట్టండి."

"నా చెయ్యి వద్దమ్మా," అన్నాను. "నువ్వే పెట్టు."

అది నన్నొకసారి చూసింది. కళ్ళు మూసుకొని చెంచా వాడి నాలిక మీద పెట్టేసింది.

వాడు నోరు మూసినాడు. ముఖం చిట్లించినాడు. నాలిక బయటికి తెచ్చి, మళ్ళీ లోపలికి తీసుకొని, చప్పరించినాడు. పది నిమిషాలు చూడాల. అబ్బబ్బా, ఆ పది నిమిషాలు! మా ఆయన గోడ గడియారం కిందనే నిలబడి ముల్లుని కళ్ళతో తోస్తా ఉండాడు. నేను వాడి పెదాలనే చూస్తా ఉండాను. ఉబ్బినాయా? లేదు. ఎర్రబడినాయా? లేదు. ఫోన్లో శ్రుతి నోట మాట లేదు. అది మాట్లాడకుండా ఉండింది దాని జన్మలో అదే మొదటిసారి.

పది నిమిషాలూ అయినాయి. రెండో చెంచా తీసే లోపల వాడు ముందుకు వంగి, నివేదిత చెయ్యి పట్టుకొని, చెంచా గుంజి నోట్లో పెట్టుకున్నాడు!

"అదీ! గానుగోడి మనవడురా!" అని మా ఆయన కేక పెట్టినాడు. బయట కూర్చున్న వాళ్ళంతా తలుపులోంచి తొంగి చూసినారు. డాక్టరమ్మ నవ్వతా నోటి మీద వేలు పెట్టింది. ఫోన్లో శివరామ్, శ్రుతి మంచమెక్కి ఎగరతా ఉండారు. నివేదిత ఏడస్తా నవ్వతా ఉంది. రెండు గంటలు ఆడనే కూర్చోబెట్టుకొని, ఏమీ రాలేదని తేలినాక మమ్మల్ని పంపించినారు.

"ఒక్కసారి తిన్నాడు కదా, ఇంక చాలా?" అని నివేదిత అడిగింది.

"ఆ మాటే అనకూడదు," అంది డాక్టరమ్మ. "వారానికి మూడుసార్లు, విడవకుండా. ఆపితే చుట్టరికం తెగిపోతుంది."

వారానికి మూడుసార్లు! శ్రుతి ఉండే ఇంట్లో శనక్కాయ ఎట్లా పెట్టేది? చివరికి శివరామే దారి చెప్పినాడు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున పది గంటలకి నివేదిత బిడ్డనెత్తుకొని అంగడికి రావాల. గానుగ ఆపి, గల్లాపెట్టె పక్కన చాప పరిచి, వాడికి పెట్టాల. తర్వాత సోపుతో మూతి, చేతులు కడిగి, బట్టలు మార్చి, రెండు గంటలు చూసుకొని ఇంటికి పోవాల. రుబ్బేది నేను, పెట్టేది నివేదిత, గానుగ ఆపేది తాత, ఇంట్లో నాన్న పక్కన కూర్చొని వీడియోలో తనిఖీ శ్రుతి.

ఆ తనిఖీ గురించి చెప్పాల. పాత క్యాలెండరు వెనక గళ్ళు గీసుకొని, తమ్ముడు తిన్న రోజల్లా పచ్చ చుక్క పెడతా వచ్చింది. వాడు ఇల్లు చేరంగానే గుమ్మంలో ఆపి, చేతులు, చెవి వెనక, మెడ మడతలు వాసన చూసేది. "చెవి వెనక ఫెయిల్! కడగండి!" నివేదిత విసుక్కుంటే, "నాకు ఊపిరి ఆగిపోతే నువ్వు ఏడస్తావు కదా," అనేది. ఇంక ఎదురు మాట ఎవరికుంటుంది?

ఒకరోజు అడిగినాను, "ఏమే, తమ్ముడు తింటే నీకెందుకంత సంతోషం? నువ్వు తినలేవు కదా, నీకు కుళ్ళు రాదా?"

పచ్చ పెన్సిలు చెక్కుకుంటా చెప్పింది. "స్కూల్లో టిఫినప్పుడు నా బల్ల వేరే అవ్వా. ఎవరి డబ్బాలో ఏముంటుందో తెలీదని మిస్సు నన్ను కిటికీ దగ్గర ఒక్కదాన్నే కూర్చోబెడుతుంది. వాడు పోయి అందరితో కూర్చోవాల."

దాన్ని ఒళ్ళోకి లాక్కోవాలని చేతులు లేచినాయి. ఆ చేతులతోనే చీర కొంగు సర్దుకొని లేచి వంటింట్లోకి పోయినాను.

జూన్ మొదటి వారంలో, శ్రుతి స్కూలు ఇంకా తెరవక ముందే, పదో చుక్కో పదకొండో చుక్కో పడిన రోజు, మా గుండెలు ఆగిపోయినాయి. అంగట్లో నరేన్ రెండు చెంచాలు లాగించి, చాప మీద బోర్లా పడి ఆడుకుంటా ఉండాడు. నివేదిత సీసా కడగడానికి లోపలికి పోయింది. ఫోన్లోంచి శ్రుతి ఒక్క అరుపు అరిచింది.

"అవ్వా! మెడ! తమ్ముడి మెడ చూడు!"

చూస్తే మెడ చుట్టూ, వీపంతా ఎర్రెర్రగా పొక్కులు! నాకేం గుర్తులేదు, నా చేతులూ గుర్తులేవు, వాడిని ఎత్తుకోననుకున్న మాటా గుర్తులేదు. బిడ్డని లటుక్కున భుజాన వేసుకొని చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరిగెత్తినాను. వెనక నివేదిత, దాని వెనక మా ఆయన, గానుగ బనీనుతో. దొరికిన ఆటో ఎక్కినాం. "పో నాయనా, పో!" అని నేను ఆటోవాడి వీపు మీద కొడతానే ఉండాను. నరేన్ ఊపిరి నా చెవి పక్కనే వినపడతా ఉంది. ఈల లేదు. ఉండాదా? లేదు. ప్రతి ఊపిరీ విన్నాను.

డాక్టరమ్మ చొక్కా విప్పించి, గుండె విని, నోరు తెరిచి చూసి, పొక్కుల మీద వేలుతో రాసి చూసింది. తర్వాత మా ముగ్గురినీ వరసగా చూసింది. నాకు చెప్పుల్లేవు, మా ఆయనకు చొక్కా లేదు, నివేదిత చేతిలో నురగ సీసా.

"చెమటకాయలమ్మా," అంది. "ఈ ఎండకి నాకు కూడా ఉండాయి."

"శనక్కాయ కాదా?"

"శనక్కాయ పాపం ఏం చేసింది? పలచని బట్టలెయ్యండి, ఫ్యాను కింద పడుకోబెట్టండి. కానీ రావడం మంచిదే. అనుమానమొస్తే ఎప్పుడైనా ఇట్లాగే పరిగెత్తి రండి. చెప్పులు వేసుకొనైనా పర్వాలేదు."

మేము నవ్విన నవ్వుకి ఆస్పత్రి ఎగిరిపోవాల. తిరుగు ఆటోలో కూర్చున్నాక గుర్తొచ్చింది, బిడ్డ ఇంకా నా భుజం మీదే ఉండాడని. చటుక్కున నివేదితకి అందించబోయినాను.

"నిద్రపోయినాడు అత్తా. కదిలించకండి," అంది నివేదిత. సబ్‌వే దాటతా ఉంటే వాడి కాళ్ళ మీద కొంగు కప్పింది. తర్వాత మెల్లగా, "నాకు తెలుసు, మీరు వాడిని ఎందుకు ఎత్తుకోవడం లేదో. శ్రుతి పుట్టినప్పుడు నేను మంచం మీద ఉంటే మీరే కదా దాన్ని బతికించింది," అంది.

బిడ్డ తల మీద నా గడ్డం ఆనించుకొని కూర్చున్నాను. నరేన్‌ని మళ్ళీ ఎత్తుకోవడం ఆ రోజు నుంచి మొదలుపెట్టినాను. కానీ శ్రుతి ముఖం చూస్తే మాత్రం ఇంకా నా మాట తడబడతానే ఉంది.

జూలై నడిమికి ఆడి నెల వచ్చింది, ఎండ చల్లబడింది, రెండు వానలు కూడా పడినాయి. శ్రుతి క్యాలెండరు పచ్చగా నిండిపోయింది. ఈ లోపల నరేన్ ఉడికిన గుడ్డు రుచి చూసినాడు, రాగిజావ తాగినాడు, పాలకోవా నాకినాడు. శనక్కాయ సీసా మూత చప్పుడు వింటే చాలు, పాక్కుంటా వచ్చేస్తాడు. బుగ్గలు నున్నగా తేలినాయి. ఆగస్టులో డాక్టరమ్మ వాడిని చూసి, "బాగా తింటా ఉండాడు. ఇట్లాగే సాగనీండి, పెద్దయ్యేదాకా మానొద్దు," అంది. శ్రుతి సంగతి కూడా అడిగినాం. అట్లాంటి పిల్లలకి వేరే వైద్యముందంట, పెద్దాస్పత్రిలో, చాలా నిదానంగా చేసేది. పేరు రాసిచ్చింది. వచ్చే నెల రమ్మన్నారు.

ఆ సాయంత్రం మా ఆయన ఇంటింటికీ పోయి మా మనవడు శనక్కాయ తింటాడని చెప్పొచ్చినాడు. వినే వాళ్ళకి ఇందులో గొప్పేముందో అర్థం కాలేదు. ఆయనకేం పట్టింది, చెప్పుకుంటా పోయినాడు.

నేను అంగట్లో స్నానం చేసి ఇంటికి వచ్చేసరికి శ్రుతి ఎప్పటిలాగే గుమ్మంలో నిలబడి ఉంది. చేతులు చాపినాను. అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, అన్నీ వాసన చూసింది.

"పాస్," అంది. కానీ నా చేతులు వదల్లేదు. గౌను జేబులోంచి డాక్టరమ్మ ఇచ్చిన తెల్ల క్రీము ట్యూబు తీసి నా అరచేతిలో పెట్టింది. "రాయి అవ్వా."

"అమ్మ రాస్తాది కదా కన్నా, అమ్మని అడుగు."

"అమ్మ సీక్కిరం సీక్కిరం, గబగబా రాసేస్తాది. నువ్వు రాయి." మోచేయి ముందుకి చాపింది. "నేను చిన్నప్పుడు నువ్వు నూనె రాసినావంట కదా. ఆ రోజు డాక్టరమ్మ రూము బయట బెంచీ మీద నుంచి విన్నాను. నూనె రాసినావు, ఇప్పుడు క్రీము రాయి. అంతే, సరిపోయింది."

గుమ్మంలోనే కూర్చున్నాను. అది నా ఎదురుగా గొంతుక్కూర్చొని, చెయ్యి నా మోకాలి మీద పెట్టింది. మోచేతి మడతలో చర్మం ఇంకా గరుకుగానే ఉంది. మూత తీసి, వేలి కొసకి కొంచెం తీసుకొని, మెల్లగా రాయడం మొదలుపెట్టినాను.

"ఇంకో చెయ్యి కూడా ఉంది అవ్వా," అంది శ్రుతి.